ఎంత స్పీడు... ఎవరి కోసం?

చిక్కడపల్లిలో ఇల్లు అద్దెకు చూడ్డానికి వచ్చినవాళ్లు ఒకప్పుడు ముందుగా అడిగే ప్రశ్న ఒక్కటే. ‘మంజీరా నీళ్లొస్తాయా అండీ?’ అని. వస్తాయంటే సగం ఇల్లు నచ్చినట్టే. గదులూ గాలీ వెలుతురూ ఆ తర్వాతి సంగతి. నీళ్ల ప్రశ్న ఇప్పుడూ ఉంది. కానీ దాని వెనకే, ఒక్కోసారి దానికంటే ముందే, ఇంకో ప్రశ్న వచ్చి కూర్చుంది. ‘ఇక్కడ నెట్ ఎవరిది వస్తుంది? స్పీడెంత?’

మొదటిదానికి ఇంటివాళ్లు తడుముకోకుండా జవాబు చెబుతారు. నల్లా ఎప్పుడొస్తుందో, ఎంతసేపు వస్తుందో, సంపులో ఎన్ని బిందెలు పడతాయో, నలుగురు చుట్టాలొస్తే ఎన్ని రోజులు సరిపెట్టుకోవచ్చో ఆ ఇంటి ఇల్లాలికి కంఠతా వచ్చు. రెండోదాని దగ్గరికొచ్చేసరికి మాత్రం ‘ఏమో, వంద అనుకుంటానండీ... మా అబ్బాయికి తెలుసు’ అంటారు. నెలనెలా బిల్లు కడుతున్నా, ఆ వంద ఏమిటో, తమ ఇంటికి అంత కావాలో వద్దో, చాలదో ఆలోచించినవాళ్లు తక్కువ. నీళ్లకు వేసినట్టే నెట్‌కూ ఒక లెక్క వేయొచ్చు. కష్టమేం కాదు. కాకపోతే ఆ లెక్కలో అంకెల కంటే ముందు మనుషులొస్తారు.

ఆర్టీసీ క్రాస్‌రోడ్స్ నుంచి నారాయణగూడ దాకా ఉన్న ఈ కాస్త దూరంలో నెట్ అంటే ఒట్టి కాలక్షేపం కాదు. అశోక్‌నగర్ సందుల నిండా గ్రూప్స్, సివిల్స్ కోచింగ్ సెంటర్లు. వాటి చుట్టూ హాస్టళ్లు, జిరాక్స్ షాపులు, టిఫిన్ బండ్లు. చిక్కడపల్లి నగర కేంద్ర గ్రంథాలయంలో కుర్చీ కోసం పొద్దున్నే వచ్చి నిలబడే నిరుద్యోగులు. 2022 అక్టోబరులో రాసిన గ్రూప్-1 ప్రిలిమ్స్ రద్దయి, 2023 జూన్‌లో రాసిందీ రద్దయి, 2024 జూన్‌లో మూడోసారి రాసినవాళ్లు ఈ వీధుల్లోనే గదులు పట్టుకుని చదివారు. వాళ్ల క్లాసులు సగం ఫోన్లోనే. మాక్ టెస్టులూ ఫోన్లోనే. ఇలాంటిచోట నెట్ ఒక గంట ఆగితే ఆగిపోయేది సినిమా మాత్రమే కాదు.

256 నుంచి గిగా దాకా...

మన దేశంలో మామూలు జనానికి ఇంటర్నెట్ అందడం మొదలైంది 1995 ఆగస్టు 15న. విదేశ్ సంచార్ నిగమ్ పుణ్యం అది. టెలిఫోన్ తీగ మీదే నెట్. మోడెమ్ కాసేపు కీచుమని, కాసేపు గుర్రుమని, ఆనక దారికొచ్చేది. నెట్ నడుస్తున్నంతసేపూ ఇంటి ఫోను ఎంగేజ్. ‘ఎవరికైనా ఏమైనా అయితే ఫోనెలా చేస్తార్రా?’ అని ఇంట్లో పెద్దవాళ్లు కేకలేసేవారు. ఒకే తీగ మీద ఇద్దరికి పని పడితే ఎవరి పని ముందు అన్న తగాదా అప్పుడే మొదలైందన్నమాట!

2004లో వచ్చిన జాతీయ విధానం ప్రకారం సెకనుకు 256 కిలోబిట్లు వస్తే చాలు, అది బ్రాడ్‌బ్యాండే. 2013లో ఆ హద్దును 512కు పెంచారు. 2023 జనవరిలో 2 మెగాబిట్లు చేశారు. అంటే 2 ఎంబీపీఎస్. ఇది చట్టం చెప్పే కనీసం. మరోవైపు 2017లోనే యాక్ట్ ఫైబర్‌నెట్ హైదరాబాద్‌లో 1 గిగాబిట్ కనెక్షన్ తెచ్చింది. 2004 నాటి కనీసానికి అది దాదాపు 4 వేల రెట్లు. చట్టం 2 దగ్గర, మార్కెట్టు 1000 దగ్గర! ఈ రెంటి మధ్యా తన అంకె ఏదో వెతుక్కోవాల్సింది మాత్రం నెల జీతగాడో, పింఛనుదారో.

రాత్రి ఎనిమిదిన్నరకు...

చిక్కడపల్లిలో వీధికి నాలుగుండే ఇళ్లలో ఒకటి తీసుకోండి. రెండో అంతస్తు. పెద్దాయన ప్రభుత్వోద్యోగం చేసి రిటైరయ్యారు. అబ్బాయి సాఫ్ట్‌వేర్, వారంలో మూడు రోజులు ఇంటి నుంచే పని. చిన్నమ్మాయి డిగ్రీ అయ్యాక గ్రూప్-2కి చదువుతోంది. పెద్దమ్మాయి పెళ్లయి డాలస్‌లో ఉంది. ఇంట్లో ఉన్నది 100 ఎంబీపీఎస్ ప్లాను. అయినా ‘నెట్ స్లో’ అన్న మాట రోజూ వినిపిస్తుంది. కనెక్షన్ చూడ్డానికి వచ్చిన కుర్రాడు ఒక సలహా పారేస్తాడు. ‘300 పెట్టించుకోండి సార్. ఏ ప్రాబ్లమూ ఉండదు.’

పెద్దాయన ఎక్కౌంట్స్‌లో పనిచేసిన మనిషి. ‘ఆగు బాబూ. ముందు ఇంటి ఖర్చెంతో చూడనీ’ అని కాగితం తీస్తారు.

సరిగ్గా చేయాల్సిన పని అదే. నీళ్ల ట్యాంకు కొనేటప్పుడు రోజు మొత్తం వాడకం చూస్తాం. నెట్‌కు అలా కాదు. రోజు మొత్తంలో ఎంత వాడారన్నది కాదు, ఒకే సమయంలో ఎన్ని నల్లాలు తిప్పి ఉంచుతారన్నది చూడాలి. అన్ని ఇళ్లలోనూ అలాంటి రద్దీ గంట ఒకటుంటుంది. ఈ ఇంట్లో అది రాత్రి ఎనిమిదిన్నర.

ఆ సమయంలో హాల్లో టీవీ మీద సినిమా. ఫుల్ హెచ్‌డీకి 5 ఎంబీపీఎస్ చాలని నెట్‌ఫ్లిక్స్ వాళ్లే చెబుతారు. అబ్బాయికి అమెరికా క్లయింటుతో వీడియో మీటింగు. దానికి 4 వేసుకుందాం. చిన్నమ్మాయికి లైవ్ క్లాసు. దానికి 3. ఇంట్లో వాళ్ల ఫోన్లు జేబుల్లో ఉండి కూడా ఏదో ఒకటి దించుకుంటూ ఉంటాయి. వాటికి 5. కాగితం మీద మొత్తం 17 తేలింది.

‘నీకేం కావాలోయ్?’ అని పెద్దాయన వంటింటివైపు తిరిగి అడుగుతారు. ‘నాకేం వద్దండీ. నాకెందుకు నెట్టూ గిట్టూ?’ అని జవాబొస్తుంది.

‘అదేంటమ్మా, అక్కతో రోజూ మాట్లాడేది దేనిమీద?’ అంటుంది చిన్నమ్మాయి. నిజమే కదా! ఇక్కడ రాత్రి ఎనిమిదిన్నరంటే డాలస్‌లో పొద్దుట తొమ్మిదో పదో. పెద్దమ్మాయి పనిలో పడేముందు పది నిమిషాలు వీడియో కాల్ చేస్తుంది. మనవడు కనిపిస్తాడు. దానికి 2 వేసుకుంటే మొత్తం 19.

సరిగ్గా 19 కొంటే చాలదు. ఒడుదొడుకులుంటాయి కాబట్టి సగం అదనంగా కలుపుకోవాలి. అంటే ముప్ఫై. టీవీ 4కే అయితే నెట్‌ఫ్లిక్స్ లెక్కలో దానికొక్కదానికే 15 కావాలి. అప్పుడు మొత్తం 29. సగం కలిపితే నలభైకి కాస్త పైన. యాభై ప్లాను తీసుకుంటే ఈ నలుగురికీ హాయిగా సరిపోవాలి. మరి 100 ఉన్న ఇంట్లో నెట్ ఎందుకు ఆగుతోంది?

గోడ దగ్గర గొడవ

జవాబు తీగలో లేదు, గోడలో ఉంది. కంపెనీవాళ్లు తీగ తెచ్చి ఎక్కడ వదిలితే అక్కడే రౌటర్ కూర్చుంటుంది. ఎక్కువ ఇళ్లలో అది వీధివైపు హాల్లో, టీవీ వెనక. చదువుకునే గది ఆ చివర. వంటిల్లు ఇంకా లోపల. చిక్కడపల్లి పాత ఇళ్ల గోడలు బాగా మందం. వై-ఫై సిగ్నల్ ఒక్కో గోడ దాటేకొద్దీ నీరసిస్తుంది. మామూలుగా రౌటర్లు రెండు రకాల సిగ్నళ్లు పంపుతాయి. 5 గిగాహెర్ట్జ్ సిగ్నల్ వేగం ఎక్కువ, గోడలకు భయపడుతుంది. 2.4 గిగాహెర్ట్జ్ సిగ్నల్ గోడలు దాటి కాస్త దూరం పోతుంది, కానీ అందులో ఒకదానికొకటి అడ్డం రాని దారులు మూడే. అపార్ట్‌మెంటులో ఇరవై ఇళ్ల రౌటర్లూ ఆ మూడు దారుల్లోనే తోసుకోవాలి. సాయంత్రం ఆర్టీసీ క్రాస్‌రోడ్స్ ఎలా ఉంటుందో తెలిసినవాళ్లకు ఇది వేరే చెప్పక్కర్లేదు.

ఇది తేల్చుకోవడానికి ఇంజినీరు అక్కర్లేదు. ల్యాప్‌టాప్‌ను వైరుతో నేరుగా రౌటర్‌కు కలిపి ఒకసారి స్పీడ్ టెస్ట్ చేయాలి. తర్వాత ఎవరు ఎక్కడ కూర్చుంటారో అక్కడ కూర్చుని వై-ఫై మీద చేయాలి. పెద్దాయన చేయించారనుకోండి. రౌటర్ దగ్గర 94 వచ్చింది. చదువుకునే గదిలో 11. వంటింటి గట్టు దగ్గర 3, అదీ వచ్చిపోతూ! రౌటర్ దగ్గరే తక్కువ వస్తే తగాదా కంపెనీతో. అక్కడ బాగుండి గదిలో తగ్గితే తగాదా గోడతో. ఇలాంటి ఇంట్లో 300 ప్లాను పెట్టిస్తే టీవీ పక్కన 300 వస్తుంది. వంటింట్లో మాత్రం మళ్లీ ఆ మూడే.

మరి మందేమిటి? రౌటర్‌ను టీవీ వెనక నుంచి తీసి ఇంటి మధ్యలోకి, ఎత్తుగా పెట్టించడం మొదటిది. కుదరకపోతే చదువుకునే గది దాకా ఒక వైరు లాగి, చివర ఇంకో చిన్న వై-ఫై పెట్టె పెట్టడం రెండోది. టీవీ ఎలాగూ కదలదు కాబట్టి దాన్ని వైరుతోనే కలిపేస్తే వై-ఫై మీద పెద్ద బరువు దిగుతుంది. ఇవన్నీ ఒక్కసారి అయ్యే ఖర్చులు. ప్లాను పెంచితే పడేది మాత్రం నెలనెలా ఖర్చు. నెలకు 200 రూపాయలు ఎక్కువనుకుంటే, 18 శాతం జీఎస్టీతో ఏడాదికి 2,832 రూపాయలు. చిన్నమ్మాయి హిమాయత్‌నగర్ తెలుగు అకాడమీకి వెళ్లి ఆ డబ్బుతో ఎన్ని పుస్తకాలు తెచ్చుకోవచ్చో ఆ ఇంట్లో అందరికీ తెలుసు.

పనిలో పనిగా ఇంకో రెండు సంగతులు. ప్రకటనలో రాసే ఎంబీపీఎస్‌లో ‘బీ’ అంటే బిట్. ఫైలు సైజుల్లో ఉండే ‘బీ’ బైట్. 8 బిట్లు ఒక బైట్. కాబట్టి 100 ఎంబీపీఎస్ అంటే సెకనుకు 100 ఎంబీల ఫైలు దిగదు. పన్నెండున్నర ఎంబీలు దిగుతుంది. 1 జీబీ పాఠం దిగడానికి 80 సెకన్లు. 40 ఎంబీపీఎస్ మీద 200 సెకన్లు. అంటే తేడా రెండు నిమిషాలు. ఆ రెండు నిమిషాలకు ఎంత ఖర్చు పెట్టొచ్చో ఎవరికి వారు తేల్చుకోవాలి. ఇక, ప్లాను కాగితంలో ‘వరకు’ అన్న మాటా, ‘ఇంత వాడాక స్పీడు తగ్గుతుంది’ అన్న మాటా ఎక్కడో అడుగున చిన్న అక్షరాల్లో ఉంటాయి. అప్‌లోడ్ ఎంతన్నదీ అక్కడే వెతకాలి. మీటింగులో అవతలివాళ్లకు మన ముఖం కనపడాలంటే పనికొచ్చేది ఆ అప్‌లోడే.

ఆగినా పరవాలేనిది, ఆగకూడనిది

ఈ లెక్కలో పైకి కనపడని విషయం ఒకటుంది. సినిమాకు ఎక్కువ నెట్ కావాలి, నిజమే. కానీ సినిమాకు ఓపిక ఉంటుంది. వీడియో ముందే కొంత దించి దాచుకుంటుంది. సిగ్నల్ కాసేపు తగ్గినా ఆ దాచుకున్నదాంతో నడిచిపోతుంది. మరీ తగ్గితే బొమ్మ నాణ్యత తగ్గించుకుని సర్దుకుపోతుంది. 2020 మార్చిలో లాక్‌డౌన్ మొదలైనప్పుడు మొబైల్ నెట్‌వర్కుల మీద భారం తగ్గించడానికి పెద్ద వీడియో సంస్థలన్నీ ఫోన్లలో హెచ్‌డీ ఆపి మామూలు బొమ్మే చూపించాయి. అయినా జనం చూశారు. ఎవరి కథా ఆగలేదు.

మాటకు ఆ సౌకర్యం లేదు. అవతలి మనిషి ఇంకా అనని మాటను ముందే దించి దాచుకోలేం. ఆ సెకనులో చేరకపోతే ఆ మాట పోయినట్టే. అందుకే వీడియో కాల్‌కు కావాల్సింది 2 ఎంబీపీఎస్సే అయినా, ఆ రెండూ తెగకుండా కావాలి. లైవ్ క్లాసులో డౌటు అడగడం, గంట కొట్టగానే మొదలై గంట కొట్టగానే ముగిసే మాక్ టెస్టు, ఆన్‌లైన్ ఇంటర్వ్యూ, ఆఫీసు మీటింగు... అన్నీ ఈ జాతివే. తీసుకునేది తక్కువ, ఆగితే నష్టం ఎక్కువ.

ఇప్పుడు ఆ ఇంట్లో రాత్రి ఎనిమిదిన్నరకు జరిగేది చూడండి. ఎక్కువ తీసుకునే టీవీ రౌటర్ పక్కనే, సుఖంగా ఉంది. అబ్బాయి మీటింగు ఆగితే గట్టిగా అరుస్తాడు. వెంటనే ఎవరో ఒకరు ఏదో ఒకటి కట్టేస్తారు. చిన్నమ్మాయి గొణుక్కుని ఫోన్ డేటా ఆన్ చేసుకుంటుంది. వంటింటి గట్టు దగ్గర తల్లి మాత్రం ‘హలో... హలో... వినిపిస్తోందా?’ అని నాలుగుసార్లు అని, మనవడి ముఖం ముక్కలుగా మారాక, ‘సరేలే, రేపు మాట్లాడదాం’ అని పెట్టేస్తుంది. ఆమె ఫిర్యాదు చేయదు. అందుకే కాగితం మీద ఆమె పేరు చివర కూడా లేదు. ఇంటి మొత్తంలో తక్కువ అడిగే మనిషికి, ఆగకూడని పని ఉన్న మనిషికి, అందరికంటే బలహీనమైన సిగ్నల్!

దీనికి ఏ కంపెనీ ప్లానూ మందు కాదు. ఆ ఇంటివాళ్లే కూర్చుని ఒక మాట అనుకోవాలి. ఫలానా గంటలో టీవీ 4కే వద్దు, ఫుల్ హెచ్‌డీ చాలు. పెద్ద అప్‌డేట్లూ, సినిమా డౌన్‌లోడ్లూ రాత్రి పడుకున్నాక. మాక్ టెస్టు ఉన్న రోజు చిన్నమ్మాయికి వైరు. అమ్మ కాల్ వంటింట్లో కాదు, సిగ్నల్ ఉన్న గదిలో... కూర్చుని, పొయ్యి కట్టేసి.

హాస్టల్ లెక్క వేరు

అశోక్‌నగర్ హాస్టళ్లలో ఈ లెక్కే తిరగబడుతుంది. అక్కడ తీగలో 200 ఉన్నా నలభై మంది ఒకే రౌటర్ మీద పడితే ఎవరికీ సరిగా అందదు. గది చూడ్డానికి వెళ్లినవాళ్లు ‘వై-ఫై ఉందా?’ అని అడిగి ఊరుకుంటారు. ‘ఒక రౌటర్ మీద ఎంతమంది?’ అని అడగాలి. కుదిరితే రాత్రి తొమ్మిదింటికి వెళ్లి, తమకిచ్చే మంచం మీద కూర్చుని స్పీడ్ టెస్ట్ చేసుకోవాలి. పగలు పదకొండింటికి అందరూ కోచింగ్‌లోనో లైబ్రరీలోనో ఉన్నప్పుడు చేస్తే అన్ని హాస్టళ్లూ బాగానే ఉంటాయి.

ఫోన్ డేటా మీదే చదివేవాళ్లకు కావాల్సింది వేగం కంటే పొదుపు. మామూలు నాణ్యతలో వీడియో గంటకు దాదాపు 1 జీబీ తింటుంది. హెచ్‌డీ అయితే 3 జీబీ దాకా. రోజుకు 2 జీబీ ఇచ్చే ప్యాకు మామూలు నాణ్యతలో రెండు గంటల క్లాసుకు వస్తుంది. హెచ్‌డీ పెట్టుకుంటే గంట కూడా రాదు. పాఠంలో బోర్డు మీది అక్షరాలు కనపడటానికి మామూలు నాణ్యత చాలు. అందరూ నిద్రపోయాక హాస్టల్ వై-ఫై ఖాళీగా ఉంటుంది. రికార్డు చేసిన పాఠాలు అప్పుడు దించి పెట్టుకుంటే మర్నాడు లైబ్రరీలో డేటా అక్కర్లేదు.

తీగే తెగితే...

వేగం సంగతి సరే, అసలు తీగే లేకపోతే? 2025 ఆగస్టులో రామంతాపూర్‌లో కృష్ణాష్టమి ఊరేగింపు రథానికి కరెంటు తగిలి ఐదుగురు చనిపోయారు. ఆ తర్వాత నగరంలో కరెంటు స్తంభాలకు వేలాడుతున్న కేబుళ్లను విద్యుత్ సిబ్బంది తొలగించడం మొదలుపెట్టారు. చాలా ఇళ్లలో నెట్ ఆగిపోయింది. ప్రాణాల ముందు కేబుల్ ఎంత? కానీ ఆ రోజుల్లో 30 ప్లాను ఉన్న ఇల్లూ, 1000 ప్లాను ఉన్న ఇల్లూ ఒకటే అయ్యాయి. రెండింటిలోనూ సున్నా.

అందుకే కనెక్షన్ తీసుకునేముందు స్పీడు కంటే ముందు పక్కింట్లో అడగాల్సిన ప్రశ్న వేరే ఉంది. ‘మీకు నెలకు ఎన్నిసార్లు పోతుంది? పోతే ఎన్ని గంటలకు వస్తారు?’ అని. పరీక్షలకు చదివేవాళ్లూ ఇంటి నుంచి పనిచేసేవాళ్లూ ఉన్న ఇంట్లో 50 ప్లాను, దానికి తోడు వేరే కంపెనీ సిమ్ ఒకటి ఫోన్లో ఉంటే, ఒంటరి 300 కంటే ఆ ఇల్లే నిబ్బరంగా ఉంటుంది. కరెంటు పోతే రౌటర్ కూడా పోతుంది కాబట్టి దానికో చిన్న బ్యాటరీ బ్యాకప్ పెట్టుకోవడం ఇంకా మంచిది.

300, 500 ప్లాన్లు ఎవరికీ అక్కర్లేదని కాదు. రోజూ పెద్ద పెద్ద వీడియోలు ఎక్కించేవాళ్లు, ఇల్లే ఆఫీసుగా ముగ్గురు నలుగురు పనిచేసేవాళ్లు, పది పదిహేను మంది ఉండే ఉమ్మడి కుటుంబాలు, పెద్ద గేములు దించుకునే పిల్లలున్న ఇళ్లు తీసుకోవచ్చు. డబ్బుకు తగ్గ పని ఉంటుంది. మిగతావాళ్లు ఈసారి రీఛార్జి తేదీ వచ్చేలోగా ఒక సాయంత్రం కాగితం, కలం పట్టుకుని కూర్చుంటే చాలు. ఆ ఇంటి రద్దీ గంట ఏది, అప్పుడు ఎవరెవరు ఏమేం చేస్తారు, ఎవరి పని ఆగినా పరవాలేదు, ఎవరిది ఆగకూడదు... ఒక్కొక్కరినీ అడిగి రాసుకోవాలి.

అమ్మను మాత్రం రెండుసార్లు అడగాలి. మొదటిసారి ఎలాగూ ‘నాకేం వద్దు’ అనే అంటుంది.